అతని పాటల మీద నా ఉత్తరం

ఆ జాకెట్టు బల్ల మీద పెట్టంగనే గుర్తుపట్టిన. మెడ లోపల మా షాపు లేబుల్ ఉంది గని, అది చూడాల్సిన పని లేకుండె. ఎడమ చంక కింద కుట్టు రెండుసార్లు విప్పి మళ్ళ వేసి ఉంది. అట్ల రెండుసార్లు విప్పించి నా పాణం తీసిన మనిషి నా ఇన్నేండ్ల పనిల ఒక్కడే.

తెచ్చింది ఒక అమ్మాయి. ఇరవై ఆరో ఇరవై ఏడో ఉంటయి. ఇక్కడ ఒమాన్‌ల, మత్రాల మా షాపు బజారు లోపలికి పోతే అత్తరు దుకాణాలు దాటినంక, సందు చివర ఉంటది. మధ్యాహ్నం షట్టర్ దించే టైముకు వచ్చింది. నాకు ఆకలైతే కోపం ఎక్కువ, రేపు రాపో అందామనుకున్న. ఇంతల ఆమె తెలుగుల అడిగింది, "అంకుల్, ఇది మీ షాపుల కుట్టిందేనా?" సికింద్రాబాద్ తెలుగు. "మా నాన్నది," అన్నది.

ఆర్నెల్ల కింద ఇక్కడి ఆసుపత్రికి నర్సుగ వచ్చిందట. నాన్న పోయినప్పుడు తనకు రెండేండ్లు. వచ్చేటప్పుడు వాళ్ళమ్మ ఈ జాకెట్టు ఇచ్చి, లేబుల్ మీద మత్రా అని రాసుంది, ఆయనను ఎరిగినోళ్ళు ఎవరన్న ఉన్నరేమో చూడు అని చెప్పిందట.

"మా నాన్న ఇక్కడ బ్యాండుల పాడేటోడంట. అమ్మను చేసుకునేసరికే మానేసిండు. ఆయన గొంతు నేను ఒక్కసారి కూడ విన్లేదు అంకుల్. ఫోటోలున్నయి. గొంతే లేదు. ఎవరి దగ్గరన్న పాత క్యాసెట్ లాంటిది ఉంటదా?"

జాకెట్టు మడత పెట్టి ఆమె చేతికిచ్చిన. "చూస్త బిడ్డా, వారం ఆగి రా," అన్న.

క్యాసెట్ ఉండె. ఒక్కటంటె ఒక్కటే ఉండె. దాన్ని నేనే చెరిపిన.

*

నేను దర్జీని. మాది జగిత్యాల దిక్కు. ఇక్కడికి వచ్చి ముప్పై ఏండ్లు దాటింది, దిష్‌దాషాలు కుట్టుకుంటనే బతికిన. ఒమానీ మగోళ్ళు వేసుకునే తెల్లని పొడుగు అంగీ అది. మెడ దగ్గర కుడిపక్కకు చిన్న కుచ్చు వేలాడుతుంటది, దానికి అత్తరు అద్దుకుంటరు. ఆ కుచ్చు సక్కగ కుదిర్తేనే దర్జీ, లేకుంటె మిషను తొక్కేటోడు, అంతే. ఇది మా కటింగ్ మాస్టర్ మాట. ఆయనది కడప. నాకంటె ఇరవై ఏండ్లు పెద్ద. నాతోని దక్కని ఉర్దూల తిట్టేది, తెలుగుల అన్నం పెట్టేది.

అట్లాంటి షాపులకు ఒకనాడు ఒక బక్కపల్చని పిలగాడు వచ్చిండు. నెత్తి మీద కంపెనీ టోపీ. టోపీ తీసిండు. జుట్టు భుజాల మీద పడ్డది. మాస్టర్ కండ్లద్దాలు సర్దుకొని చూసిండు.

"అన్నా, తెలుగోళ్ళేనా? నాకు ప్యాంటు గావాలె. గట్టిగ అతుక్కొని ఉండాలె. రెక్సిన్‌ది."

"రెక్సిన్ కారు సీట్లకు వేస్తరు," అన్న నేను.

"గదే కావాలన్నా."

వాడు సికింద్రాబాద్ రైల్వే క్వార్టర్లల పుట్టి పెరిగినోడు. చిన్నప్పుడు చర్చిల పాడేటోడట. పక్క క్వార్టరు ఆంగ్లో ఇండియన్ దొరసాని దగ్గర ఉన్న క్యాసెట్లు విని విని ఈ పిచ్చి పట్టిందట. ఇక్కడ రుసైల్‌ల ఒక కంపెనీల ఏసీ మెకానిక్. వాడు పాడే పాటలను గ్లామ్ మెటల్ అంటరని వాడే చెప్పిండు. మగోళ్ళు జుట్టు పెంచి, దానికి స్ప్రే కొట్టి నిలబెట్టి, కండ్లకు కాటుక పెట్టి, మెరిసే బట్టలేసుకొని, చెవులు పలిగేటట్టు గిటార్లు వాయించుకుంట, ప్రేమించిన పిల్ల పోయిందని ఏడ్చేటివి. ఏడ్వడానికి ఇంత లొల్లి ఎందుకురా అనిపించేది నాకు.

మొదటి ప్యాంటు దండగైంది. తప్పు నాదే. దిష్‌దాషా కుట్టే చేతికి వదులు అలవాటు. కొలత ఎంతున్న, ఇంకో నాలుగు వేళ్ళు గాలి ఆడాలని చెయ్యి దానంతట అదే కలుపుతది. వాడు ఆ ప్యాంటు తొడుక్కొని అద్దం ముందు నిలబడి, "అన్నా, ఇది మా తాతకు ఇయ్యొచ్చు," అన్నడు. నాకు మండింది. పో పోయి రూవి బజార్ల కుట్టించుకో అన్న. వాడు కదల్లే. స్టూలు మీద కూసొని, నేను విప్పి కుట్టేదాక ఏదో కూనిరాగం తీసుకుంట ఉన్నడు. రెండోసారికి మోకాలు వంగనంత బిగువు వచ్చింది. వాడు సంతోషం పట్టలేక నన్ను వాటేసుకున్నడు.

అప్పటిసంది వాని బట్టలన్ని నేనే. చిరుతపులి చుక్కల బట్ట ఆడోళ్ళ నైటీల దుకాణంల తెచ్చిన. ఒమానీ ఆడోళ్ళ బట్టల అంచులకు వేసే వెండి పట్టీ తెచ్చి చేతులకు కుట్టిన. మాస్టర్ నా భుజం మీదుగ వంగి చూసి, "ఏ క్యా సీరె మియా, మర్ద్‌కా కి ఔరత్‌కా?" అనేది. ఆడదో మగదో నాకూ తెల్వది మాస్టర్, వాడు గిట్ల కుట్టమన్నడు అనేటోన్ని. ఈ అమ్మాయి తెచ్చిన జాకెట్టుకైతే నేను అడగకుండనే ఒకటి చేసిన. కాలర్ కుడిపక్కన దిష్‌దాషా కుచ్చు కుట్టిన, ఎర్ర దారంతోని. వాడు ఆ కుచ్చును వేళ్ళ నడుమ తిప్పి తిప్పి చూసిండు. తర్వాత, "ఇగో, ఇది ఏ దేశంల ఏ బ్యాండుకు లేదన్నా," అన్నడు. నాకు అంత పొగడ్త అంతకుముందు లేదు, ఆ తర్వాత లేదు.

*

బ్యాండుల నలుగురు. గిటారాయన ఫిలిప్పీన్స్ మనిషి, హోటల్ లాండ్రీల పని. బేస్ గిటార్ ఒక మలయాళీ టైపిస్టు. డ్రమ్ములు కొట్టేది బిస్కెట్ ఫ్యాక్టరీల పనిచేసే శ్రీలంకాయన. వాళ్ళు బ్యాండుకు ఇంగ్లీషు పేరొకటి పెట్టుకున్నరు. మూడుసార్లు మార్చిన్రు. మూడూ ఎవరికీ తెల్వవు కాబట్టి ఏది చెప్పినా ఒక్కటే.

శుక్రవారం పొద్దున రుసైల్‌ల వాళ్ళ కంపెనీ గోదాంల ప్రాక్టీసు. ఏసీల అట్టపెట్టెలు కప్పుదాక పేర్చి ఉంటుండె. వాటి నడుమ జాగల నిలబడి కొట్టేది. గోదాం నిండ ఏసీలే, ఒక్కటి నడువది. చెమటకు జుట్టు స్ప్రే కరిగి కండ్లల్లకు కారేది, కాటుక చెంపల మీదికి వచ్చేది. నేను సూది దారం పట్టుకొని ఒక పెట్టె మీద కూసునేటోన్ని. ఎందుకంటె వాడు ఎగిరితే ప్యాంటు తొడ దగ్గర పికులుతది, పాటకో కుట్టు వెయ్యాలె. మొదట్ల నాకు ఆ పాటలు తలనొప్పి. మాటలు అర్థం కావు, నాకు ఇంగ్లీషు రాదు. వారం వారం విని విని, మిషను తొక్కుతుంటె నా కాలు వాని తాళానికే ఆడుతున్నదని మాస్టర్ కనిపెట్టి నవ్విండు. నిజమే. నాకు నచ్చినయి. సిగ్గుపడి వానికి చెప్పలే.

బ్యాండు పైకి రాలే పాపం. వచ్చే సందే లేకుండె. ఆ పాటల మోజు పుట్టిన దేశాలల్లనే తగ్గిపోయిందని గిటారాయన ఒకసారి అన్నడు. వాడు ఒప్పుకోలే. ఒక హోటల్ హాల్ల పాడితే మూడో పాటకే మేనేజర్ వచ్చి, గెస్టులు హిందీ పాటలు అడుగుతున్నరు, వస్తయా అన్నడు. రావు అన్నరు. స్టేజీ దిగిన్రు. ఫోర్‌మన్ జుట్టు కత్తిరించుకొమ్మని నెలకోసారి గొడవ. క్యాంపుల రూమోళ్ళు వాన్ని చెల్లే అని ఏడిపించేది. వాడు వాళ్ళతోని కలిసి నవ్వేది, తర్వాత నా దగ్గరికొచ్చి బల్ల మీద గోరుతోని గీసుకుంట కూసునేది. ఆ కూసునుడు చూస్తె నాకు బాధైతుండె.

ఒక్కసారి బాగైంది. ఇబ్రిల కట్టడం కంపెనీ క్యాంపు ఉంటె అక్కడ పాడేందుకు పిలిచిన్రు. పికప్పుల పోయినం. ముందు కూసున్నోళ్ళల్ల సగం మంది మా దిక్కోళ్ళే. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల. వీళ్ళు కాటుక పెట్టుకొని స్టేజీ ఎక్కంగనే నవ్వుడు మొదలైంది. పాట మొదలైనంక ఇంకా ఎక్కువైంది. రెండో పాటల జనరేటర్ ఆగిపోయింది. మైకు పోయింది, గిటార్లు పోయినయి. నవ్వుతున్నోళ్ళు ఇంకింత నవ్విన్రు. వాడు ఆపలే. మైకు లేకుంటనే, బేసు లేకుంటనే, ఒక్కడే గొంతెత్తి ఆ పాట చివరిదాక పాడిండు. నవ్వు మెల్లమెల్లగ బంద్ అయింది. నా పక్కకున్న మేస్త్రీ ఒకాయన, "ఏం పాడిండో తెల్వది గని, పిలగాడు పాణం పెట్టిండు," అన్నడు. వాపసు వస్తుంటె ఆ మాట నేను వానికి చెప్పిన. మళ్ళ చెప్పు అన్నడు. మళ్ళ చెప్పిన.

ఇబ్రి నుంచి వచ్చినంక వానికి ధైర్యం వచ్చింది. పాటలు క్యాసెట్ చేద్దామన్నడు. రూవిల క్యాసెట్లు కాపీలు కొట్టే దుకాణం వెనక రూముల, ఒక శుక్రవారం, జుమ్మా నమాజుకు ముందే అయిపోవాలని దుకాణమాయన షరతు. నాలుగు పాటలు. ఒక్క క్యాసెట్. బొంబాయిల ఒక క్యాసెట్ల కంపెనీ మనిషి, లీవుకు వచ్చినప్పుడు పట్టుకొని రా, వింట అన్నడట. లీవుకు ఇంకా రెండు నెలలుంది. వాని బతుకంత ఆ రెండు నెలల మీదనే ఉండె.

దాన్ని నా చేతుల పెట్టిండు. "క్యాంపుల పన్నెండు మందిమి. ఎవడన్న తీసుకపోయి ఇంటికి ఉత్తరం మాట్లాడి పంపుతడు. నీ రూముల పదిలంగుంటదన్నా," అన్నడు. దాని మీద ఇంకేం రికార్డు కాకుండ, వెనక మూలలకుండే రెండు ప్లాస్టిక్ ముక్కలు వాడే విరిచిండు.

*

ఇప్పటి పిల్లలకు ఇది చెప్పాలె. అప్పుడు ఫోను చేసుడంటె ఊకె అయ్యేది కాదు. రాయొస్తె ఉత్తరం, రాకుంటె క్యాసెట్. ఇంటినుంచి క్యాసెట్ వస్తది, అందరు మాట్లాడి పంపుతరు. మనం విని, దాని మీదనే మన మాట రికార్డు చేసి, లీవుకు పోయేటోని చేతికిస్తం. అదే క్యాసెట్ పోతది, వస్తది, పోతది. సినిమా పాటలది కొన్నా అంతే. మూల విరిచి ఉంటె సిగరెట్ డబ్బల కాయితం మడిచి బొక్కల పెడితె మళ్ళ రికార్డు అయితది. మా రూములల్ల ఆ పని రానోడు లేడు. ఇంకో పద్ధతుండె. ఎవని ఉత్తరమైనా, రూముల ఉన్నోళ్ళు, ఆ పూట వచ్చినోళ్ళు, తలా ఒక మాట చెప్పాలె. నమస్తే వదినా, బాగున్నవా అత్తా, మీ ఆయన మంచిగనే తింటున్నడు అని. చెప్పకుంటె ఇంటోళ్ళు నారాజైతరు.

నా క్యాసెట్లు ఒక బిస్కెట్ల డబ్బల ఉంటుండె. వాని క్యాసెట్ కూడ అందులనే పెట్టిన. అన్నీ ఒక్క దుకాణంల కొన్నయే, నల్లయి, అన్నీ ఒక్కతీరుగనే ఉంటయి. మంచి లేబుల్ అంటిస్తనని వాడు పేరు రాయలే.

నాకు పెద్దకొడుకు పుట్టిండని కబురొచ్చిన వారం అది. మా ఊరాయన ఆ సాయంత్రం విమానానికి పోతున్నడు. శుక్రవారం అన్నాలు తిన్నంక రూమంత మనుషులు. వచ్చేటోళ్ళు వస్తున్నరు, పోయేటోళ్ళు పోతున్నరు. ఆ ఊరాయన కార్టన్‌కు సగం తాడు కట్టి, ఇగ జల్ది కానీ అని కింద నుంచి పిలుస్తున్నడు. నేను డబ్బల చెయ్యి పెట్టి ఒకటి తీసిన. మూలల బొక్కలున్నయి. కాయితం మడిచిన, కుక్కిన. వేలితో తడిమి చూసి బటన్ నొక్కిన. ప్యాంటుకు వదులు కలిపినట్టే, చెయ్యి దానంతట అదే చేసింది. బుర్ర అడగలే.

మాట్లాడిన. ఎంత మాట్లాడిన్నో. కొడుకుతోని మాట్లాడిన, భార్యతోని మాట్లాడిన, రూమోళ్ళతోని మాట్లాడిపించిన. ఇటు పక్క అయిపోతె అటు తిప్పిన. నాకు నోరు ఆగదు.

రెండు వారాలకు వాడు క్యాసెట్ కోసం వచ్చిండు, ఇంకో కాపీ కొట్టిపిస్తనని. డబ్బల చెయ్యి పెట్టిన. ఒకటి పెట్టి చూసిన, నా భార్య గొంతు. ఇంకోటి పెట్టిన, మా అమ్మ. అప్పుడు తెలిసింది. వాడు మంచం మీద కూసొని, షూ లేసు కట్టుకుంట, "దొరికిందా?" అన్నడు.

నేను అబద్ధం ఆడిన. "మిషన్ల చిక్కుకొని తెగిపోయింది తమ్మీ. ఖరాబైతె పారేసిన," అన్న.

ఎందుకన్నంటె, భయమైంది. నా కొడుకు కోసం మాట్లాడిన మాటలతోని నీ పాటలు తుడిచేసిన అని వాని మొఖం చూసి అనలేకపోయిన. వాడు లేసు ముడి బిగించిండు. తర్వాత నవ్విండు. "పోనీలే అన్నా. నువ్వేం చేస్తవు. మళ్ళ కొడదం," అన్నడు. పైగ నాకే ధైర్యం చెప్పిండు. రెండు దెబ్బలు కొట్టి పోయుంటె బాగుండు.

మళ్ళ కొట్టలే. ఆ నెలలనే గిటారాయన వీసా అయిపోయి వాళ్ళ దేశం పోయిండు. టైపిస్టు దుబాయ్ పోయిండు. వాడు లీవుకు ఉత్త చేతులతోని పోయి, జుట్టు కత్తిరించుకొని వచ్చిండు. మాస్టర్ చూసి, "అబ్ ఆద్మీ దిఖ్తా," ఇప్పుడు మొగోని లెక్క కనిపిస్తున్నడు అని మెచ్చుకున్నడు. నేను తల దించుకొని మిషను తొక్కిన.

తర్వాత వాడు పెండ్లి చేసుకున్నడు, బిడ్డ పుట్టింది. పండుగలకు షాపుకొచ్చి అన్నా అని పిలిస్తె, ఈసారి చెప్తా, ఈసారి చెప్తా అనుకునేటోన్ని. ఒక ఎండకాలం రుసైల్‌ల షెడ్డు మీద ఏసీ విప్పుతుంటె గుండె ఆగిపోయిందని కబురొచ్చింది. వాని సామాన్లు కార్టన్ల సర్దింది నేనే. చిరుతపులి ప్యాంటు ఎప్పుడో పారేసిండు. జాకెట్టు ఒక్కటి దాచుకున్నడు. కుచ్చు నలగకుండ మడత పెట్టి, తాడు కట్టిన. ఆ పొద్దు ఏడ్చిన. చెప్పుడైతె ఇగ ఎవరికి చెప్తను.

*

ఆ అమ్మాయి పోయినంక నా భార్యకు ఫోను చేసిన.

"పెద్దోడు పుట్టినప్పుడు పంపిన క్యాసెట్ ఏం చేసినవే?"

"ఉంది. ట్రంకు పెట్టెల ఉంది."

"దాని మీద నువ్వు జవాబు మాట్లాడలేదా?"

"ఎట్ల మాట్లాడ్త? పోరనితోని నువ్వు మొదటిసారి మాట్లాడింది అండ్లనే ఉండె. ఇంకోటి కొనుక్కొని పంపిన. నువ్వు చూసుకోలేదా ఏంది?"

చూసుకోలే. చివర ఎక్కడన్న నా మాటలు ఆగినకాడ వాని పాట ముక్క మిగిలిందేమో అని అడిగిన. "పాటలేం లేవు. చివరిదాక నువ్వే. నువ్వు, నీ రూమోళ్ళు," అన్నది. మైకుసెట్ల దుకాణమాయన దగ్గరికి తీసుకపోయి ఫోన్లకు ఎక్కించి పంపమన్న. ఎందుకో చెప్పిన. ముప్పై ఏండ్లల ఆమెకు కూడ చెప్పలేదు నేను. "పంపుత," అన్నది.

మూడోనాడు నా ఫోన్లకు వచ్చింది. ఒక్కన్ని కూసొని వినే ధైర్యం కాలే.

వారానికి అమ్మాయి వచ్చింది. షట్టర్ సగం దించి, కూసోబెట్టి, అంతా చెప్పిన. డబ్బా, కాయితం, అబద్ధం, అన్నీ. ఆమె జాకెట్టు ఒళ్ళె పెట్టుకొని విన్నది.

"మా నాన్నకు తెలుసా?"

"తెల్వదు బిడ్డా."

లేచింది. పోతదనుకున్న. పోయినా తప్పు లేదు. నిలబడి, "ఆ క్యాసెట్ మీ ఫోన్ల ఉందన్నరు కదా. పెట్టండి. మా నాన్న పాటల మీద మీరేం పెట్టిన్రో వింటా," అన్నది. ఆ మాట నాకు సూది లెక్కనే దిగింది.

పెట్టిన. నా గొంతే. ముప్పై ఏండ్ల కిందటి నా గొంతు, ఎంత గట్టిగ, ఎంత సంబరంగ. కొడుకా నేను మీ నాయిననురా అంటున్న. ఇక్కడ ఎండలు మండుతున్నయి అంటున్న. మాస్టర్ సలాం చెప్పిండు. ఆయన పోయి పదేండ్లు. రూముల మిగిలినోళ్ళు ఒక్కొక్కరు చెప్తున్నరు. ఇంతల తలుపు చప్పుడైంది. నా గొంతు, "ఇగో, ప్యాంటు ఫిట్టింగుకు వచ్చిండు. రా తమ్మీ, మీ వదినతోని మాట్లాడు," అన్నది.

నేను మరిచే పోయిన. వాడు ఆ మధ్యాహ్నం వచ్చిండన్న సంగతే మరిచిపోయిన.

"వదినా, నమస్తే," అన్నడు వాడు. "నేను అన్న చెప్పే పాటల పిచ్చోన్ని. బాబు పుట్టిండంట, మిఠాయి ఏది మరి? అన్నకు మస్తు కోపం వదినా, కానీ బట్టలు మాత్రం పాణం పెట్టి కుడతడు. నా క్యాసెట్ అయింది. అన్న దగ్గరే పెట్టిన, పదిలంగుంటదని. బొంబాయిల పని కాంగనే మీక్కూడ ఒకటి పంపిస్త. బాబుకు వినిపించుండ్రి, భయపడకుంటె." నవ్విండు. రూమంత నవ్విన్రు. తర్వాత మళ్ళ నా గొంతు, విన్నవు కదా, గిట్ల ఉంటరు నా దోస్తులు అనుకుంట.

ఆపిన. వాడు తన పాటల మీదనే నిలబడి మాట్లాడిండు. తిరుగుతున్న క్యాసెట్ ఏదో వానికి తెల్వదు. బటన్ నొక్కిన నాకు తెల్వదు.

అమ్మాయి ఏడుస్తున్నది. చప్పుడు లేదు. కొంగు లేదు, జాకెట్టు చేతితోని మొఖం తుడుచుకున్నది. "మళ్ళ పెట్టండి," అన్నది. పెట్టిన. ఆరుసార్లు పెట్టిన. నవ్వు దగ్గర ప్రతిసారి చెయ్యి ఎత్తి ఆపమన్నది. "గట్లనే నవ్వుత నేను కూడ. అమ్మ అంటది," అన్నది.

నా మాటలు తీసేసి ఆ ముక్క ఒక్కటే పంపిస్తనన్న, ఎట్ల తీస్తరో ఎవరినన్న అడిగి. వద్దు, మొత్తం పంపండి అన్నది. ఇగ నా కొడుకు ముచ్చట్లు, ఎండల ముచ్చట్లు అన్నీ ఆ పిల్ల ఫోన్ల ఉన్నయి.

పోయేటప్పుడు షట్టర్ కాడ ఆగి అడిగింది.

"మీరు వారం వారం విన్నరు కదా అంకుల్. ఒక్క పాటన్న గుర్తుందా?"

"నాకు ఇంగ్లీషు రాదు బిడ్డా."

"రాకుంటె ఏంది. ఎట్ల గుర్తుంటె అట్ల పాడండి."

ఫోను బల్ల మీద పెట్టి బటన్ నొక్కింది. నేను అరవై దాటిన దర్జీని. ఎన్నడూ ఎవరి ముందు పాడినోన్ని కాదు. సిగ్గైంది. కత్తెర పక్కకు పెట్టి, కొలబద్దతోని బల్ల మీద డ్రమ్ముల దెబ్బ కొట్టుకుంట మొదలుపెట్టిన. ఇబ్రిల మైకు లేకుంట పాడిన పాట. మాటలు తెల్వవు, చప్పుడు తెలుసు. వాడు ఎక్కడ ఊపిరి తీసుకునేటోడో తెలుసు. ఎక్కడ గొంతు పైకి పోయేదో తెలుసు, నాది అక్కడిదాక పోదు, చెయ్యి లేపి చూపించిన. అత్తరు దుకాణమాయన షట్టర్ కింద నుంచి వంగి చూసిండు. చూడనీ అనుకున్న. మొదటి చరణం పాడిన. రెండోది పాడిన.

మూడోది రాలే. అక్కడ వాడు గొంతు తగ్గించి, కండ్లు మూసుకొని, గోదాంల పెట్టెల దిక్కు తిరిగి పాడేది. ఆ తిరుగుడు కండ్లకు కనిపిస్తున్నది, పాట వినిపిస్తలేదు. కొలబద్ద కొడుతనే ఉన్న. అమ్మాయి ఆపలే, ఫోను తియ్యలే, వస్తదేమో అని చూసింది.

"అక్కడి సంది నాకు రాదు బిడ్డా," అన్న.

జాకెట్టు తనకు సరిపోయేటట్టు చెయ్యమని నా దగ్గరనే పెట్టి పోయింది. వాళ్ళ నాన్న క్యాసెట్ పెట్టినట్టే, దీన్ని కూడ నా దగ్గరనే. వచ్చే శుక్రవారం వస్తది. చంక కుట్టు మూడోసారి విప్పుతున్న. ఆ మూడో చరణం కోసం రోజంత నోట్ల మొదటి రెండు అనుకుంటనే ఉన్న. వస్తలేదు.